ప్లగ్గు పీకి చూశావా?

...అయినా ఆ రోజు ఆమె ఇంకాస్త గట్టిగా అడిగి ఉంటే నిజం చెప్పేసేవాడినేమో. ఇదిగో, మళ్లీ తప్పు ఆమె మీదికే నెడుతున్నాను, అనుకున్నాడు అతను, సర్వర్ల బీరువా వెనక గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని.

అప్పట్లో అతని పనికి పర్యవేక్షకురాలు ఆమె. మామూలుగానే అడిగింది. "ప్లగ్గు పీకి చూశావా?"

"చూశానక్కా."

ఆ మాట నమ్మి, పరీక్ష అయిందన్న కాగితం మీద ఆమె సంతకం పెట్టింది.

ఊళ్లో ఏ బస్సు ఎక్కడుందో లెక్కగట్టే సర్వర్ల గుంపు అది. స్టాపుల్లో బస్సు వేళలు చూపే బోర్డులు అడిగిందే అడుగుతుంటాయి కాబట్టి, జవాబులను సిద్ధంగా పట్టుకుని ఉండేందుకు నాలుగు సర్వర్లతో క్యాష్ అనే ఏర్పాటు ఒకటి అతను పెట్టాడు. ప్రతి జవాబుకూ రెండు ప్రతులు, వేర్వేరు సర్వర్లలో. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి. కానీ నాలుగింటికీ కరెంటు ఒకే ప్లగ్గుబోర్డు నుంచి ఇచ్చాడు. గోడ దగ్గర ఒక్కసారి పీకి ఉంటే తెలిసిపోయేది. నెల తిరక్కుండా ఆ ప్లగ్గుబోర్డు కాలిపోయింది. మధ్యాహ్నం దాకా ఊరంతా స్టాపుల్లో బోర్డులు నల్లగా ఉండిపోయాయి.

విచారణలో ఆమె "సంతకం నాదే" అంది. అతను పక్కనే కూర్చుని గ్లాసులో నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆమెను కింది అంతస్తులో స్టోరుకు మార్చారు.

ఈ ఉదయం, కొత్త క్యాష్‌కు రెండో ప్లగ్గుబోర్డు కోసం ఆ స్టోరుకే వెళ్లాల్సి వచ్చింది.

"ఏం నాయనా, దారి తప్పావా?"

"ప్లగ్గుబోర్డు కావాలక్కా. వేరే లైనుకి."

"ఏడాదికి బుద్ధొచ్చిందన్నమాట." రిజిస్టరు అతని వైపు తోసింది. "నువ్వే పెట్టు సంతకం. నేనిప్పుడు ఎవరి మాట మీదా పెట్టట్లేదు."

నవ్వుతూనే అంది. విచారణ నాటికే ఆమెకు తెలుసని అప్పుడు అర్థమైంది. అన్నీ తెలిసి ఊరుకున్న మనిషిని క్షమించమని అడిగితే, తన బరువు దింపుకోవడానికే అడిగినట్టుంటుంది. బహుశా ఇదీ సాకే.

ఇప్పుడు గోడ దగ్గర ఒక ప్లగ్గుబోర్డు ప్లగ్గు పీకాడు. రెండు సర్వర్ల దీపాలు ఆరిపోయాయి. తెర మీద జవాబులు ఒక్క క్షణం ఆగి, మిగతా రెండింటి నుంచి రావడం మొదలుపెట్టాయి. అర నిమిషం పని. ఆ రోజు ఎందుకు చేయలేదంటే, ఆకలేసింది. అంతకు మించి కారణమేమీ లేదు.

మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు. "అయిందిగా? సంతకం పడెయ్యి బాబూ, పై ఆఫీసువాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు."

'గత వైఫల్యానికి కారణం' అన్నచోట పాత నివేదికలోంచి ఎత్తి రాసిన వాక్యం ఉంది: పర్యవేక్షకురాలి అజాగ్రత్త.

"ఇది తప్పు సార్."

"పాత గొడవలే. ఇప్పుడు తవ్వుకుంటే స్టోరుకి పోయేది నువ్వు."

పోవచ్చు. అతను ఆ వాక్యాన్ని కొట్టేశాడు. దాని పైన చిన్న అక్షరాలతో, 'పరీక్ష చేయకుండానే చేశానని ఆమెకు చెప్పాను' అని రాసి, పక్కనే సంతకం పెట్టాడు.