బాలయ్య డాబా మీద డబ్బా

నా నెట్ లైను బాలయ్య వల్లనే పోయింది. గీ మాట చాటుకు అంటలేను. ఆయన ముందరనే అన్న, హోటల్ల చాయ్ తాగుకుంట నలుగురి ముందర అన్న, ఇగ రాసి కూడ పెడుతున్న. చదివినంక మీరు ఆయన తరఫున మాట్లాడొచ్చు, ఊర్ల చానామంది గట్లనే మాట్లాడుతున్నరు. కని పోయింది నాది.

నా పేరు వహీద్. నార్కట్‌పల్లి నుంచి ఆరు కిలోమీటర్లు లోపటికి వస్తె మా ఊరు. ఏడో తరగతిల బడి ఇడిచిపెట్టి కేబుల్ టీవీ వైర్లు గుంజే పనికి పోయిన. పదిహేనేండ్లు ఇంకొకని కింద గుంజి, తర్వాత మా ఊరి లైను నేనే కొనుక్కున్న. గీ పనిల ఒక రివాజు ఉంది. ఇండ్లకు లైను పంచే డబ్బా ఎవరి డాబా మీద పెడితె వాళ్ళకు కనెక్షన్ ఫ్రీ. కాయితం రాసుకునుడు లేదు, కిరాయి లేదు. "మామా, జర డబ్బా పెట్టుకుంట" అంటె "పెట్టుకో అల్లుడా" అంటరు. గంతే. మా ఊరి నడిమిట్ల ఎత్తు డాబా బాలయ్యది. మా నాయినా ఆయనా కలిసి బాయి తవ్విన మనుషులు, అందుకని చిన్నప్పటి నుంచి మామా అనే పిలుస్త. నా డబ్బా ఆయన డాబా మీద, దాని కరెంటు ఆయన మీటర్ల.

రెండువేల పదిహేడుల కేబుల్‌తోని ఎల్లదని తెలిసి, అప్పు చేసి నెట్ తీగ తెచ్చిన. అప్పుడే నల్గొండల కేబులోళ్ళకు రెండు రోజుల క్లాసు పెడితె పోయిన. శ్రీవాణి అనే మేడం చెప్పింది. నాకు అర్థమైనంత మటుకు చెప్త.

నెట్ ఆకాశంలకెల్లి వస్తదనుకుంటరు జనం, ఫోన్‌కు తీగ కనపడది గనక. ఇంట్ల గోడకున్న రూటర్ దాంకనే గాలి. ఆడికెల్లి అంత తీగనే. ఎంట్రుకంత అద్దం పోగు, అందుల వెలుతురు పోతది. బాలయ్య భార్య లీలమ్మ వంటింట్లకెల్లి "తిననీకె రా" అని ఫోన్ల పెట్టిందనుకోండ్రి. ఆ మాట ముక్కలైతది, ముక్కముక్కకు నంబరు పడుతది. డాబా మీది డబ్బాకు పోతది, నార్కట్‌పల్లి పోతది, హైదరాబాద్ పోతది, ఇంకేడనో కంపెనోళ్ళ మిషన్ల చొరబడి మల్ల గదే దారిన తిరిగొచ్చి, ముంగటి అర్రల కూసున్న బాలయ్య ఫోన్ల నంబర్ల వరుసగ కలుస్తది. రెప్ప కొట్టేంతల. గిదంత బాలయ్యకు చెప్తె ఒక్కటే అడిగిండు.

"పక్క అర్రల మాట హైదరాబాద్ మీదికెల్లి రావాల్నారా? బస్సు కిరాయి ఎవడు కడుతుండు?"

మేడం బోర్డు మీద రెండు బొమ్మలు గీసింది. ఒకటి పొడుగు గీత, ఒకటి గుండ్రం. "గీతలాగా వేస్తే నడుమ ఒక్క డబ్బా ఆగినా అవతలి ఇండ్లన్నీ ఆగుతాయి. గుండ్రంగా కలిపితే ఒక దిక్కు తెగినా ఇంకో దిక్కు నుంచి వస్తుంది" అన్నది. గుండ్రానికి తీగ ఎంత ఎక్కువ పడుతదో నేను అక్కడ్నే లెక్క చూసుకున్న. మా ఊరికి రెండున్నర కిలోమీటర్లు ఎక్కువ. గీతనే ఏసిన. నడుమ ఆగనీకె ఏముంది, నడుమ ఉన్నది బాలయ్య మామ గద అనుకున్న.

కరోనా ఏడాది పిల్లల క్లాసులు ఫోన్లకు వచ్చినయి. ఊర్ల సిగ్నల్ డాబా ఎక్కితెనే ఒక గీత చూపిస్తది. అందరు నా తీగకే వచ్చిండ్రు. నూట డెబ్బై నాలుగు ఇండ్లయినయి. అందుల నూట ఇరవై ఒకటి బాలయ్య డాబా దాటినంకనే.

ఇండ్లు పెరిగితె ఫోన్లు పెరిగినయి. ఒక తీగ తెగితె నలభై మంది చేస్తరు. నలభై మందికి గదే జవాబు. మా ఇంటామె హఫ్సా, "అందరిని ఒక్క గ్రూపుల పెట్టు, ఒక్కసారి చెప్తె అయిపాయె" అన్నది. పెట్టిన. అయిపోలేదు. అంతకు ముందు లైను పోయినోనికే తెలుస్తుండె. గ్రూపు పెట్టినంక లైను మంచిగున్నోనికి కూడ తెలిసి, వాడు కూడ "ఏందన్నా" అనుడు మొదలుపెట్టిండు. ఇంకోటి, గ్రూపుల ఉన్నోళ్ళ నంబర్లు అందరికి కనపడుతయి. నా దగ్గర నాలుగేండ్లు పనిచేసి మానేసి పక్క ఊర్ల సొంత లైను పెట్టుకున్న వెంకటేష్ ఉండె. వాళ్ళమ్మ యాదలక్ష్మి మా ఊర్లనే ఉంటది, నా కస్టమరే. ఆమె నంబరు గ్రూపుల ఉంది, ఆ ఫోన్ చూసేది కొడుకు. గిది నాకు తెలుసు. చూస్తె చూడనీ అనుకున్న.

రెండువేల ఇరవై రెండు, శ్రావణం. పొద్దుగాల్నే కోతులు ఊరి బయట తీగ కొరికినయి. ఆ పొద్దే బాలయ్య తన బత్తాయి తోట వీడియో హైదరాబాద్ సేటుకు పంపాల్సి ఉండె. పంపలేకపోయిండు. సేటు ఇంకొకని తోట మాట్లాడుకున్నడు. నేను పొద్దంత తిండి లేక పోల్ మీదనే ఉన్న, అద్దం పోగు ఏలుల గుచ్చుకుంది. సాయంత్రం లైను కలిపి దిగిన. ఫోన్ తీసి చూస్తె గ్రూపుల బాలయ్య గొంతు. ఆయనకు చదువు రాదు, మైకు ఒత్తి మాట్లాడుతడు.

"వహీదూ, నీ నెట్ కన్న మా లీలమ్మ నోరు నయంరా. ఎన్ని కోతులు కొరికినా ఆగది."

కింద నవ్వే బొమ్మలు. లెక్కపెట్టిన, అరవై ఒకటి. ఫ్రీగ వాడుకునేటోడు, పైసలు కట్టేటోళ్ళ ముందర నన్ను అన్నడు. ఆయన పేరు మీద ఒత్తి గ్రూపులకెల్లి తీసేసిన. తీసేసినట్టు అందరి ఫోన్లల్ల ఒక లైను పడుతది. నాకు అది ఒక బటను. ఊరికి గట్ల కాలేదు. పెండ్లి బంతిల కూసున్న పెద్దమనిషిని విస్తరి ముంగట నుంచి లేపినట్టే అయింది.

తెల్లారి డాబా కాడికి పోయిన. బాలయ్య అరుగు మీద కూసొని పండ్లు తోముకుంటుండు.

"నీ గుంపుల నేను లేనంటగా" అన్నడు.

"మామా, కోపంల అయింది. మల్ల కలుపుత."

"రా అంటె వచ్చి పో అంటె పోనీకె నేను నీ పాలేరునారా?"

లోపటికెల్లి లీలమ్మ అన్నది: "కేబుల్ ఉన్నప్పటి సంది ఏడేండ్లు వాని డబ్బాకు కరెంటు కట్టినవు, ఇంక కూసొని ముచ్చట పెట్టు."

"ఏం చేయమంటవు చెప్పు మామా."

బాలయ్య నోరు పుక్కిలించి ఊంచిండు. "నా మాటకు నవ్వినోళ్ళు, నన్ను తీసేస్తె చూసినోళ్ళు, అందరు ఇననీకె నీ నోటితోని చెప్పు, తప్పయిందని. రాస్తె నాకు తెల్వది. మూడొద్దులు చూస్త."

ఆ మాపటికి ఆయనను మల్ల గ్రూపుల కలిపిన. ఇంట్ల కూసొని మైకు ఒత్తిన. "బాలయ్య మామా" అని ఆపేసిన. తుడిపేసిన. మల్ల ఒత్తిన. నా గొంతు నాకే ఇనపడితె, ఊరంత ఇండ్లల్ల గిదే గొంతు ఇంటరు గద, వెంకటేష్ కూడ ఇంటడు గద అనిపించింది. అది కూడ తుడిపేసి, రాసి పెట్టిన. మంచిగనే రాసిన, మూడు లైన్లు.

"నోటితోని అనమన్నడు గద" అన్నది హఫ్సా.

"రాసుడు చాలు. అందరు చదువుతరు."

"అందరు కాదు. ఆయన చదవాలె."

నాలుగో రోజు పొద్దుగాల బాలయ్య ప్లగ్గు పీకిండు. డబ్బాను పాడు చేయలేదు. సంచిల పెట్టి, తీగను చుట్ట చుట్టి మా ఇంటి గేటుకు తగిలిచ్చి పోయిండు. నూట ఇరవై ఒక్క ఇండ్లు ఒక్కసారి ఆగినయి.

ఇంకో డాబా అడిగితె, "బాలయ్యతోని మాకెందుకు పంచాయితి" అన్నరు. ఊరు చుట్టు తిప్పి తేవాలంటె కరెంటు పోల్లకు పర్మిషన్, రెండున్నర కిలోమీటర్ల తీగ. మేడం గీసిన గుండ్రం అప్పుడు ఏయవట్టిన. తొమ్మిది రోజులు పట్టింది. వెంకటేష్‌కు రెండు రోజులే పట్టింది. గ్రూపుల నంబర్లన్నిటికి విడివిడిగ మెసేజ్ పెట్టిండు: నెల ఫ్రీ, రూటర్ ఫ్రీ. నేను ఇల్లిల్లు తిరిగి ఐదేండ్లు కూడగట్టిన నంబర్లు వాడు తల్లి ఫోన్ల ఒక్క దగ్గర చూసుకున్నడు. వాని డబ్బా బాలయ్య డాబా మీదికే ఎక్కింది. ఎక్కేటప్పుడు వాడు అందరు ఇనేటట్టు గ్రూపుల మైకు ఒత్తి దండం పెట్టి, జాగా ఇచ్చిన బాలయ్య తాతకు శుక్రియా చెప్పిండంట. నేను ఇనలేదు, హఫ్సా ఇన్నది.

నా తీగల వెలుతురు మల్ల వచ్చే యాల్లకు లైను ఆగనోళ్ళు కూడ కొందరు ఫ్రీకి పోయి, నా దగ్గర మొత్తం ముప్పై ఎనిమిది ఇండ్లు మిగిలినయి. దసరా దాటినంక పదకొండు. పదకొండు ఇండ్లతోని హైదరాబాద్ కంపెనోళ్ళకు నెల కిరాయి ఎల్లది. లైను బంద్ పెట్టిన. ఇప్పుడు వెంకటేష్ వాళ్ళ తీగకే కనెక్షన్ తీసుకున్నం, పిల్లలు ఊకోలేదు. బాలయ్య కనపడితె తల తిప్పుకుంట. ఆయన తిప్పుకోడు, "తిన్నవా వహీదూ" అంటడు. ఆ మాట పక్కనుంచి అంటడు, ఫోన్ల అనడు.

తీగకు, డబ్బాలకు తెచ్చిన అప్పు లైను బంద్ పెట్టినా ఆగలేదు. పోయిన ఎండకాలం మా నాయిన ఇచ్చిన చెల్క అమ్మి కట్టేసిన. ఎకరం పద్నాలుగు గుంటలు.