ఉల్బోసిన్ పేరున ఎవరిదో దుకాణం

"ఎక్కడ ఏ లింకు నొక్కి చచ్చావో, ముందు అది చెప్పు," అన్నాడు దుయ్‌సెన్, ఖాళీ టీ గిన్నె భార్య వైపు తోస్తూ.

ఉల్బోసిన్ ఏ లింకూ నొక్కలేదు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె నొక్కినవి అత్తగారి కాళ్ళు, నొక్కుకున్నది తన నోరు. గిన్నెలో సగానికి టీ పోసి ఇచ్చింది. పొద్దున్న జరిగినదానికి ఒళ్ళింకా మండుతూనే ఉంది. ప్రభుత్వ ఖర్చుతో పది నెలల నర్సు శిక్షణ, సంపాదన లేని ఆడవాళ్ళకి. ముప్పయ్యారేళ్ళకి సీటు వచ్చిందని సంబరపడుతూ కాగితాలు పట్టుకెళ్తే, కౌంటరులో పిల్ల కంప్యూటరు చూసి, "మీకు కుదరదక్కా. మీరు వ్యాపారస్తులు. కార్ల విడిభాగాల దుకాణం డిసెంబరు నుంచీ మీ పేరునే ఉంది," అంది. టైరుకి గాలి కొట్టడం కూడా రాని మనిషి ఉల్బోసిన్. "సోమవారంలోగా పేరు తీయించుకు రండి. లేకపోతే సీటు తర్వాతి ఆవిడకి పోతుంది."

ఇక ఆ రాత్రి ఆమెకి అందరూ దొంగల్లాగే కనిపించారు. గుర్తింపు కార్డు నకలు తీసిన కుర్రాడు రెండు కాపీలకి మూడు తీశాడు కదా, ఆ మూడోది ఏమైంది? బ్యాంకు నుంచి అని ఫోను చేసి వివరాలడిగిన తియ్యటి గొంతు ఎవరిది? పక్కింటావిడ వైఫై కోసమని ఫోను అడిగి తీసుకుందే, ఎంతసేపటికి తిరిగి ఇచ్చింది? ఇంట్లోవాళ్ళ మీదికి మాత్రం ఆలోచన పోలేదు. పోనివ్వలేదు అనడం నిజం.

మర్నాడు పిల్లల్ని బడికి పంపి, అత్తగారికి గంజి కాచి, సేవా కేంద్రంలో రెండు గంటలు నిలబడింది. అక్కడ ముందు తన డిజిటల్ సంతకం రద్దు చేయించింది. దాని రహస్య సంఖ్య దుయ్‌సెన్ పెట్టిందే, ఒకటి నుంచి ఆరు దాకా వరసగా. తన పేరున కొత్త సిమ్ము తీసుకుంది. తర్వాత దుకాణం వివరాలు అడిగితే కాగితం చేతికొచ్చింది. దుకాణం దరఖాస్తుకి గుర్తింపు కోసం ఫోను కెమెరాలో ఆమె ముఖం చూపించింది డిసెంబరు పదకొండున, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి. కోడ్ వెళ్ళిన ఫోను నంబరు ఆమెకి కంఠతా వచ్చు. అది బావగారిది.

పదకొండు. చలికాలం మాంసానికి గుర్రాన్ని కోసిన రోజు. పాతికమందికి పిండి ముద్దలు పలచగా ఒత్తుతోంది, మోచేతుల దాకా పిండి. వంటింటి గడప తొక్కని బావగారు ఫోను పట్టుకుని వచ్చాడు. "ఇటు చూడమ్మా. రాజధానిలో, ఆస్తానాలో, మా చెల్లెలు నిన్ను చూస్తానంటోంది. కళ్ళు ఆర్పు, ఆఁ. తల అటు తిప్పు, ఇటు తిప్పు." తిప్పింది. ఈ ఇంట్లో ఒకరికి తన మొహం చూడాలనిపించిందని మురిసిపోయి నవ్వింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఆమెకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

సాయంత్రం కాగితం ముందు పెడితే దుయ్‌సెన్ ఆశ్చర్యపోలేదు. అదీ ఆమె చూసింది.

"అన్నయ్య పేరు కోర్టువాళ్ళ బాకీదారుల జాబితాలో ఉంది, ఆయన పేరున ఏదీ పెట్టుకోలేడు. ఏడాది మాట. నీ సొమ్మేం పోయింది?"

"సీటు పోతోంది."

"ఇంట్లో మనిషి పేరు ఇంటికి పనికిరాకపోతే ఊళ్ళోవాళ్ళకి పనికొస్తుందా, కోడలా?" అంది అత్తగారు పరుపు మీంచి. "మాకు చెయ్యకుండా ఆసుపత్రిలో పరాయివాళ్ళ గాయాలు కడుగుతావా?"

ఉల్బోసిన్ అంటే కొడుకు పుట్టాలి అని. నలుగురు ఆడపిల్లల తర్వాత నాన్న పెట్టిన పేరు. పుట్టిన రోజు నుంచీ ఆ పేరు ఎవరి పనో ఒకటి చేస్తూనే ఉంది.

దుకాణం మీంచి పేరు తీయాలంటే ముందు పోలీసు ఫిర్యాదు ఉండాలని సేవా కేంద్రంలో చెప్పారు. శుక్రవారం పోలీసు స్టేషనుకి దుయ్‌సెన్ కూడా వచ్చాడు. "గుర్తుతెలియని వ్యక్తి అని రాయించు, చాలు. ఇల్లు నిలుస్తుంది," అని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది.

లోపల లెఫ్టినెంటు ఆడమనిషే. ఫిర్యాదు టైపు చేస్తూ, "గుర్తుతెలియని వ్యక్తి అంటే విచారణ నెలలు పడుతుందమ్మా. పేరుంటే దుకాణం నమోదు ఆపమని ఈరోజే రాస్తాను. ఎవరి మీదైనా అనుమానముందా?" అని అడిగింది.

"ఉంది. మా బావగారు."

"బావగారికి ఓ పేరుంటుందిగా."

ఉంటుంది. మెట్టినింటి పెద్దల పేర్లు కోడలు పలకకూడదు. పెళ్ళయిన మర్నాడే అత్తగారు చెప్పిన మొదటి మాట అది. బజారులో అదే పేరున్న కసాయిని కూడా ఉల్బోసిన్ ఇన్నేళ్ళూ "ఓ అన్నా" అనే పిలిచింది. తన పేరేమో నాలుగు నెలలుగా టైర్లు అమ్ముతోంది.

"రాసిస్తాను," అంది.

"నోటితోనే చెప్పాలి, రికార్డవుతోంది."

వరండాలో దుయ్‌సెన్ దగ్గాడు.

"సపర్గలి," అంది.

"సరిగా వినపడలేదు," అంది లెఫ్టినెంటు.

ఉల్బోసిన్ తెరిచి ఉన్న తలుపు వైపు తిరిగి మళ్ళీ చెప్పింది.