ఏడో తీగ

విశ్వవిద్యాలయంలో పిల్లలంతా ఆయన్ని దశాంశం మాస్టారు అనేవారు. ఏమడిగినా బిందువు తర్వాత నాలుగంకెలు చెప్పందే ఆయనకు తోచదు. ఆయన సబ్జెక్టు వంతెనలు. నదిమీది పెద్ద వంతెనను పన్నెండు ఉక్కు తీగలు మోస్తున్నాయి. ఒక్కోదానికి ఒక్కో యంత్రం బిగించి, తీగ అదురునుబట్టి దాని బిగువెంతో మూడేళ్ళుగా లెక్క తీస్తున్నాడు.

ఆయన వదిన, అంటే అన్నగారి భార్య, అదే ప్రాంగణంలో సంగీతం చెబుతుంది. ఒక మధ్యాహ్నం వాన తగ్గేదాకా కూర్చుందామని ఆయన ప్రయోగశాలకు వచ్చింది. ఆయన సరదాపడి, తీగల అదురును చెవికి వినబడేలా మార్చి ఒక్కొక్కటే వినిపించాడు.

ఏడోది మొదలవగానే ఆమె చెయ్యెత్తింది.

"ఇది ఇందాకే పెట్టావుగా?"

"లేదొదినా. అది ఆరు, ఇది ఏడు."

"ఒకటే రెండుసార్లు వినిపించి నన్ను ఆటపట్టిస్తున్నావా?"

"ఏడోది ఆరోదానికన్నా పొడుగండీ. అయినా అలాగే మోగుతోందంటే ఇంకా గట్టిగా బిగిసి ఉన్నట్టు. పన్నెండింట్లోకీ దిట్టమైంది అదే."

"నీ దిట్టం సంగతి నాకు తెలీదు కానీ, మధ్యలో ఆ గరగర కూడా అదేనయ్యా. ఇద్దరు ఒక్కసారి కలిసి తుమ్మొచ్చు. పదిసార్లూ కలిసే తుమ్ముతారా?"

వాన వెలిసింది. ఆమె వెళ్ళిపోయింది. ఆయన బుర్ర మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. వింటే ఆమె మాట నిజమే అనిపిస్తుంది, అంకెలు చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. రెండింటి అదురు గీతలూ ఒకదానిమీద ఒకటి పరిస్తే సందు లేకుండా అతుక్కుపోయాయి. యంత్రం చెడిందా, ప్రోగ్రాం తప్పా, తనకే మతి పోతోందా? భోజనాల దగ్గర భార్య ఉప్పందించమంటే, "ఏడోదా?" అన్నాడు.

మూడోనాడు వదినను వెంటబెట్టుకుని వంతెన దగ్గరికి వెళ్ళాడు. నిచ్చెనెక్కి చూశాడు. రెండు యంత్రాలూ ఆరో తీగకే ఉన్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. బిగించింది మరెవరో కాదు, తనే. ఏడో తీగను ఇన్నాళ్ళూ ఎవరూ కొలవనేలేదు.

"ఏమైంది?" కిందనుంచి వదిన కేకేసింది.

ఆయన కింది యంత్రాన్ని ఊడదీసి ఏడో తీగకు మార్చాడు. ఉండాల్సిన బిగువులో సగం కూడా లేదు. అధికారులు ఆ సాయంత్రమే లారీల్ని ఆపేశారు. తీగ దిగిన కాంక్రీటు తవ్వి చూస్తే దాని అడుగు కొసను తుప్పు తినేసి ఉంది. రెండు నెలల్లో కొత్త తీగ వేశారు.

అందరూ మెచ్చుకున్నారు. ఆయనకు మాత్రం సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. పరిశోధన వ్యాసంలో, లోపాన్ని ఎలా కనిపెట్టారో రాయాల్సిన చోట కలం ఆగిపోయింది. లేచి వదిన దగ్గరికి వెళ్ళాడు.

"ఎలా పట్టారొదినా?"

"విన్నాను."

"అదే, వినడమంటే ఏం చేశారు?"

"ఏమో, నన్నెవరూ అడగలేదే!" అంది.

తర్వాతి సోమవారం ఆయన వెళ్ళి మొదటి ఏడాది సంగీతం తరగతిలో వెనక బెంచీలో కూర్చున్నాడు. వదిన రెండు స్వరాలు మీటి, ఏది పై స్వరమని అడిగింది. ఆయన అందరికన్నా ముందు చెయ్యెత్తి తప్పు చెప్పాడు. పిల్లలు గొల్లుమన్నారు.

"మళ్ళీ వినండి," అందామె.

విన్నాడు. రెండూ ఒకేలా ఉన్నట్టున్నాయి. ఏమో, కాదేమో.