ఎవరూ అడగని నీళ్ళు

నీళ్ళ క్యాను వీపుకెత్తుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని న్యాకియో ఏట్లోంచి మెట్టెక్కి వచ్చి దించిందో లేదో, మొగుడు గచోకి అందులో సగం బకెట్లోకి వంచుకుని మోటారు సైకిలు కడగడం మొదలుపెట్టాడు. బండి మట్టిగా ఉంటే బాడుగకి ఎవరూ ఎక్కరట.

"అవి తాగడానికి తెచ్చినవి" అంది.

"ఏరెక్కడికి పోయింది? అక్కడే ఉందిగా. నీకు ఆఫీసు ఎనిమిదింటికి కదా, ఇంకోసారి తెచ్చుకో."

పొయ్యి దగ్గర చామదుంపలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తకుండానే అందుకుంది. "మా రోజుల్లో వీపున నీళ్ళు, ముందువైపు పిల్ల. అయినా నోరెత్తలేదమ్మా. ఇప్పటి వాళ్ళకి ఆఫీసులొచ్చాయి, దాంతోపాటు ఆయాసమూ వచ్చింది."

అత్తగారి నుదుటి మీద అడ్డంగా వేలు పట్టేంత గాడి ఉంది. పెళ్ళయిన కొత్తలో అది ముసలితనపు ముడత అనుకుంది న్యాకియో. పద్నాలుగేళ్ళ తర్వాత అద్దంలో తన నుదుటి మీద కూడా అదే కనిపిస్తుంటే తెలిసింది, అది వయసు చెక్కింది కాదు, క్యాను పట్టీ చెక్కిందని. రెండో క్యాను తెచ్చి, తల దువ్వుకుని, గాడి కనపడకుండా గుడ్డ కట్టుకుని ఆఫీసుకి పోయింది.

కౌంటీ ప్రభుత్వం వారి వార్డు ఆఫీసులో ఆమెది కిటికీ పక్క కుర్చీ. ఊళ్ళో పుట్టిన ప్రతి సందేహమూ ముందు ఆ కిటికీ దగ్గరికే వస్తుంది. చెత్త బండి ఏ రోజు వస్తుంది? సంత షెడ్డు పైకప్పు ఎప్పుడేస్తారు? ఆసుపత్రిలో టీకాలమ్మ ఉందా? దుకాణం లైసెన్సుకి ఏ కాగితాలు తేవాలి? ఆరేళ్ళుగా చెప్పీ చెప్పీ ఆ జవాబులన్నీ ఆమెకి నోటికొచ్చేశాయి. ఎవరినీ విసుక్కోదు. చదువురాని వాళ్ళకి అర్జీ కూడా తనే రాసి పెడుతుంది. వార్డు అధికారి ముచిరి పదిమంది ముందూ మెచ్చుకునేవాడు, "నువ్వుండబట్టి గానీ, లేకపోతే ఈ జనం నా ప్రాణం తోడేసేవాళ్ళు" అని. ఆ మాటకి ఇంటిదాకా నవ్వుకుంటూ వెళ్ళిన రోజులున్నాయి ఆమెకి. ఇంట్లో ఎవరూ అలాంటి మాట అనరు మరి.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న నీళ్ళది. మెట్టమీది ఆడవాళ్ళు సంతకొచ్చినప్పుడల్లా కిటికీలో తలపెట్టి అడుగుతారు, "వవీర వాళ్ళమ్మా, మన ట్యాంకు ఏమైంది?" వవీర న్యాకియో పెద్దకూతురు. ఆ పిల్ల పుట్టిన రోజు నుంచీ ఊళ్ళో ఆమెకి అదే పేరు. "ప్రణాళికలో ఉందక్కా, వచ్చే ఏడు తప్పకుండా" అని చెప్పేది. వాళ్ళు తలాడించి క్యాన్లు తీసుకుని ఏట్లోకి దిగేవాళ్ళు. సాయంత్రం ఆమె కూడా దిగేది.

బుధవారం నాడు ముచిరి ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. "రేపు ఊరి సభలో చదవాల్సింది. ట్యాంకు పై మెట్టకి కాదు, కింద సంత పక్కకి మార్చాం. బళ్ళు కడిగే చోటుకి నీళ్ళు కావాలట."

న్యాకియో కాగితం చేతిలోకి లాక్కుని చూసింది. "అదేంటి సార్? పైన నాలుగొందల ఇళ్ళున్నాయి!"

"ఉంటే? అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. కౌంటీ పెడుతుందా?" అంటూ సభల పుస్తకం ముందుకు తోశాడు. "చూసుకో. నీ చేత్తో రాసిందే."

చూసుకుంది. సభలో లేచి నిలబడి, పేరూ ఊరూ చెప్పి అడిగిన ప్రశ్నే ఆ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎక్కిన ప్రశ్నకి ఇరవై ఒక్క రోజుల్లో కౌంటీ రాతలో జవాబివ్వాలి, ఇచ్చేదాకా ఆ పని కదలడానికి వీల్లేదు. ఆఫీసు గోడకి అంటించిన ఆ నియమం కూడా ఆమె టైపు చేసిందే. ఆరేళ్ళ పుస్తకంలో బళ్ళు కడగడానికి నీళ్ళు కావాలని పదకొండుసార్లు అడిగారు. అందులో నాలుగుసార్లు గచోకి పేరే, ఆమె గుండ్రటి చేతిరాతతో, చక్కగా. పై మెట్ట నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది? సభ రోజున ఆడవాళ్ళు టీ కాచి, రొట్టెలు పంచి, వెనక గడ్డిలో కూర్చుంటారు. ఎప్పుడో ఒకామె లేస్తే "ఎవడి పెళ్ళాంరా అది?" అని మగవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత అడిగేవన్నీ కిటికీలోనే అడిగారు. కిటికీలో జవాబు దొరికాక సభలో ఎవరడుగుతారు? తను ఓపిగ్గా, తియ్యగా చెప్పిన ఒక్కో జవాబూ ఒక్కో ప్రశ్న పీక నొక్కేసింది. ముచిరి మెచ్చుకున్నది ఇందుకన్న మాట! ఆరేళ్ళు కుండ మీద మూతలా కూర్చుని, లోపల ఉడుకు బయటికి రానివ్వనందుకు. సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఒళ్ళు మండింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఏటి దగ్గర ఆడవాళ్ళకి సంగతి చెప్పింది.

"నిన్ను ఎన్నిసార్లు అడగలేదమ్మా!" అని మీదపడ్డారు.

"నన్నడిగితే నాకే చెప్పినట్టు. పుస్తకానికి చెప్పినట్టు కాదు. తప్పు నాదే. ఇవాళ సభలో టీలు మగవాళ్ళనే కాచుకోమనండి."

వాళ్ళ మధ్య అత్తగారు కూడా ఉంది, చిన్న క్యానుతో. నీళ్ళు ముంచుకుంటూనే చెవి ఇటు పెట్టింది. ఆమె తీరు చూసి కొడుక్కి చెబుతుందేమోననే అనుకుంది న్యాకియో.

సభ మొదలైంది. ముందు వరసలో మగవాళ్ళు, బల్ల వెనక ముచిరి, అతని పక్కన కాగితంతో న్యాకియో. "చదువు" అన్నాడు.

ఆమె కాగితం మడిచి అతని ముందు పెట్టింది. పుస్తకం అతని వైపు తిప్పి, పైన కలం పెట్టింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి జనం వైపు నిలబడింది.

"ఇవాళ మీరు రాయండి సార్. నేను అడుగుతాను."

ముందు వరసలో గచోకి లేచాడు. "కూర్చోవే! పరువు తీస్తున్నావు."

"నువ్వు నాలుగుసార్లు లేచావు. నాలుగుసార్లూ నీ పేరు తప్పు లేకుండా రాశాను. ఒక్కసారి నేను లేస్తే పోయే పరువైతే పోనీ."

ఎవరో కిసుక్కుమన్నారు. గచోకి నవ్విన వైపు గుర్రుగా తిరిగాడు.

ముచిరి గొంతు తగ్గించాడు. "ఏంటిది? నువ్వు మా మనిషివి!"

"కిటికీ లోపల మీ మనిషినే సార్. ఏట్లో దిగినప్పుడు ఎవరి మనిషినో మీరెప్పుడూ అడగలేదు. గోడ మీది నియమం చదవమంటారా? నాకు నోటికొచ్చు."

అతను జనం వైపు చూశాడు. జనం అతని వైపు చూస్తున్నారు. కలం తీశాడు. "సరే. వవీర వాళ్ళమ్మ..."

"న్యాకియో. ఊరు పై మెట్ట" అని తలగుడ్డ విప్పేసింది. నుదుటి గాడి మీద ఎండ పడింది. "మాకని చెప్పిన ట్యాంకు మమ్మల్ని అడక్కుండా ఎందుకు మార్చారు? రాయండి."

అతను రాస్తుండగా వెనక గడ్డిలో అలికిడయింది. టీ పొయ్యి వెలగలేదు ఇవాళ. కర్ర ఊతంతో ముందుకొస్తున్నది అత్తగారు. గచోకి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకోబోయాడు. "అమ్మా, నువ్వెందుకే ఈ ఎండలో..."

ఆమె అతని చెయ్యి విదిలించుకుంది. "నా నీళ్ళతో పెరిగావురా. పక్కకి జరుగు."

బల్ల ముందుకొచ్చి ఆగింది.

"గచోకి వాళ్ళమ్మ..." అని రాయబోయాడు ముచిరి.

"వవీర" అందామె. "నా పేరే మనవరాలికి పెట్టారు. పెట్టాక నన్ను పిలవడం మానేశారు. రాయి నాయనా. యాభై ఏళ్ళు మోశాను. అదే ప్రశ్న."

ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకో ఇద్దరు. పేరు చెప్పడానికి కొందరు తడుముకున్నారు, చెప్పి చాలా రోజులైనట్టు. వరస టీ పొయ్యి దాటి రోడ్డుదాకా పెరిగింది. ముచిరి చెయ్యి నొప్పెట్టి కలం దించాడు.

"పేజీ అయిపోయింది" అన్నాడు.

"తిప్పండి సార్" అంది న్యాకియో. "అవతలి పక్కా మాదే."