లైటు ఒక బండికి, డైనమో ఇంకో బండికి

మా బావ పేరెత్తితే నాకు ఒళ్ళంతా కంపరమెత్తుతుంది. ఇప్పుడైతే ఆ మనిషి తాగి పెట్టిన గ్లాసు ముట్టుకోవడానికి కూడా చేయి రావడం లేదు.

అక్క బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. చీకటి పడ్డాక రైలు కట్ట కింద, దీపాల్లేని దారిలో సైకిల్ మీద ఇల్లు చేరాలి. నాది సైకిల్ రిపేరు కొట్టు. అందుకే ఇరుసులోనే డైనమో ఉన్న ముందు చక్రం తన బండికి బిగించి, హ్యాండిల్‌కు లైటు పెట్టి, వైరు కలిపి ఇచ్చాను. చక్రం తిరిగితే చాలు, లైటు వెలుగుతుంది. పాత చక్రం కూడా గట్టిదే. ఎప్పుడైనా పంక్చరైతే మార్చుకుంటుందని దాన్ని స్పేరుగా వాళ్ళ వరండాలో మేకుకు తగిలించాను. మా చెల్లి చేసిపెట్టిందని అక్క మురిసిపోయింది.

నాలుగు రోజులు తిరక్కుండానే అక్క గడ్డానికి కుట్లు పడ్డాయి. కట్ట కింద గుంట కనబడలేదట. లైటేమైందని అడిగితే నేలచూపులు చూసింది. వరండాలోకి వెళ్ళి చూద్దును కదా, అక్క బండికి స్పేరు చక్రం ఉంది, లైటు వైరు ఊరికే వేలాడుతోంది. తళతళలాడే డైనమో చక్రం బావ బండికెక్కింది. ఆ బండికి అసలు లైటే లేదు. పట్టపగలు సందు చివరికి సిగరెట్ల కోసం తప్ప దొరగారు దాన్ని ఎక్కరు కూడా.

బావ కుర్చీలోంచి లేవలేదు.

"నా చక్రం వంకర పోయింది. మీ అక్కకెలాగూ స్పేరుందిగా," అన్నాడు.

మరి లైటు సంగతేమిటంటే, అది దాని బండికే వదిలేశానుగా అన్నాడు, పెద్ద దానమేదో చేసినట్టు. అక్కను చూసినా అసహ్యమే వేసింది. ఆయన ముచ్చటపడ్డారు, పోనీలే అనుకుందట.

స్పానర్ తీసి రెండు చక్రాలూ విప్పాను. డైనమో చక్రం అక్క బండికి బిగించి, వైరు కలిపి గిర్రున తిప్పితే, వెలుతురు బావ మొహం మీద పడింది. చిరాగ్గా చేయి అడ్డం పెట్టుకున్నాడు. ముందు చక్రం లేని ఆయన బండి గోడకు చేరబడి ఉంది.

"ఆ స్పేరైనా నా బండికి పెట్టు. సిగరెట్లు తెచ్చుకోవాలి," అన్నాడు.

పెట్టవే అంటుందని అక్క వైపు చూశాను. అక్క లేచి వచ్చి, స్పేరు చక్రం నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ మేకుకే తగిలించింది. కుట్లు లాగుతుంటే మెల్లగా అంది.

"రెండూ నా బండివే. మీరు నడిచి వెళ్ళండి."