గురువారం మౌనం

గురువారం పొద్దువాలి దీపం పెట్టేదాకా కమలమ్మ నోరు విప్పదు. మనవరాలు సాహితి పుట్టగానే ఏడవలేదు. "పిల్ల గొంతు లేస్తే గురువారం గురువారం నా గొంతు నీకిస్తా స్వామీ" అని ఆమె అక్కడికక్కడే మొక్కుకుంది. పిల్ల కేరుమంది. ఆనాటి నుంచి మొక్కు తప్పలేదు. రాయచూరు బజారులో వాళ్ల పప్పుల దుకాణానికి వచ్చే వాళ్లకూ తెలుసు, గురువారం ఆమెతో బేరమంతా సైగలేనని. తాను మాట తప్పితే పిల్ల గొంతుకేమవుతుందోనని ఆమె భయం.

ఇప్పుడు కమలమ్మకు రక్తం బాగా తగ్గిందని ఆసుపత్రిలో చేర్చారు. రక్తం ఎక్కించే రోజు గురువారమే అయింది.

"చలి పెట్టినా, దురద పుట్టినా, నడుము నొచ్చినా దాచొద్దు అజ్జీ," అంది నర్సు అక్షత.

"ఇయ్యాల మా అత్తమ్మ మాట్లాడది సిస్టర్. మిగిలిన రోజులు మమ్మల్ని మాట్లాడనియ్యది," అని నవ్వింది కోడలు హేమ. "ఆమె సైగలన్నీ నాకు ఎరుకే."

చుక్క చుక్కగా రక్తం దిగుతోంది. కాసేపటికి కమలమ్మ కళ్లకు వార్డు తెల్లబడింది. పత్తి సీజనులో మార్కెట్ యార్డులా గాలి నిండా దూది. అది చేతుల మీద వాలి దురద పెడుతోంది. కమలమ్మ చెయ్యి గోక్కుంది.

"దోమలా?" హేమ అట్టముక్కతో విసిరింది.

దూది కరిగి నీళ్లయింది. కమలమ్మ కృష్ణా నదిలో మెడదాకా మునిగి ఉంది. వణుకుతూ పైకి చూపించింది. హేమ లేచి ఫ్యాను ఆపి దుప్పటి కప్పింది. నడుములో బండరాయి దొర్లినట్టయితే అక్కడ చెయ్యి పెట్టింది. దుకాణంలో ఆ సైగకు ఒకటే అర్థం, కూర్చుని కూర్చుని నడుము పట్టిందని. హేమ దిండు తెచ్చి నడుము కింద పెట్టింది.

అవతలి గట్టున సాహితి నిలబడి ఉంది. పెదవులు ఆడుతున్నాయి. బడిలో సంగతులు కాబోలు, ఎప్పటిలా ఊపిరి తిప్పుకోకుండా చెబుతోంది. ఒక్క ముక్కా వినిపించడం లేదు. నీళ్లు గడ్డం దాటాయి. పిల్ల గొంతు పోలేదు. వినే తన చెవులే మునిగిపోతున్నాయి. నేను పోతే ఇదంతా పిల్ల ఎవరికి చెప్పుకుంటది?

"హేమా!" కమలమ్మ గొంతు పెగిలింది. "దిండు కాదే... లోపల చలి. నడుము ఇరుగుతుంది."

దీపాలవేళ కానేలేదు. హేమ "సిస్టర్!" అని పరుగెత్తింది.

అక్షత వచ్చీరాగానే రక్తం ఆపింది. గొట్టం మార్చి సెలైన్ పెట్టింది. డాక్టరు వచ్చి ఇంజెక్షన్ చేయించాడు, రక్తం సంచిని పరీక్షకు పంపించాడు. "చెప్పడం మంచిదైంది. ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేది," అన్నాడు.

వణుకు తగ్గాక హేమ కళ్లు తుడుచుకుంది. "మాట్లాడనని మొక్కితివి గాని, చస్తనని మొక్కినవా అత్తమ్మా?"

"ముందు ఇంటికి ఫోన్ కలుపు," అంది కమలమ్మ, భయంభయంగా.

"సాహితీ..." అని పిలవగానే అవతలి నుంచి పిల్ల గొంతు గలగలా వచ్చింది. "అవ్వా! గురువారం గదా, ఫోన్ ఏంది? దీపం పెట్టకముందే మాట్లాడుతున్నవ్! ఎరుకేనా, ఇయ్యాల బడిల మేఘా పల్లు ఊడింది..."

కమలమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుని, కళ్లు మూసుకుంది.

"చెప్పు బిడ్డా," అంది. "ఏ పల్లు?"