పురిటిస్నానము

హేమంతము ప్రవేశించి తుంపరలతోఁ గూడిన యీశాన్యవాయువు నల్లరేగడి చేలమీఁదుగా దిక్కులేని బిచ్చగానివలె గుడిసె గుడిసెకును దూఱి కంబళ్ళను లాగుచుండఁగా, సూర్యుఁడు సైతము కప్పుకొన మేఘము దొరకినదే చాలునని లేవక పండుకొనియున్న యొకానొక యుదయమున, అనంతపురపు సీమలోని యొక కురుబపల్లె చివర ముండ్లకంపల దొడ్డిలోనుండి వన్నూరప్ప యను కాపరి గొంతు చించుకొని యఱచెను.

“అమ్మా! గొర్రెపిల్ల అడ్డం తిరిగిందిమా! బిన్నా రా!”

గాలి గొఱ్ఱెను మ్రింగి పిల్లను మాత్రము విడిచిపెట్టెను. పొయ్యి యూఁదుచున్న యతని తల్లి యీరక్క చెవికిఁ జేరిన దంతియే. పిల్ల యనఁగా ఆ యింటఁ గోడలు కెంచమ్మ.

“తిరగనీ రా! నాలుగు నెలల్నుంచి నోరు తెరవని పిల్ల, అడ్డం తిరిగినా మేలే!” అని యామె బదులు కేకవేసెను.

వాకిట జొన్నలు చెరుగుచున్న కెంచమ్మ చేఁట దించి, “నేను కాదత్తా, గొర్రెపిల్ల” అని మెల్లఁగాఁ బలికెను. నెలలకుఁ దరువాత నామె పలికిన మాట యదియే.

ఆ మౌనమునకుఁ గారణము పల్లె యెల్ల నెఱుఁగును. ఆషాఢమునఁ గెంచమ్మకుఁ దొలిచూలు శిశువు ఏడ్పు లేకయే పుట్టెను. తల్లికిఁ దెలివి వచ్చునంతలో నీరక్కయే యా బిడ్డను కంబళితునుకలోఁ జుట్టి యెత్తుకొనిపోయెను. ముఖము చూచినచో మఱవఁజాలదని పెద్దల తలంపు. చూడని ముఖమును మఱచుట యెట్లో యా పెద్దలు చెప్పరైరి.

ఈరక్క చేతికి నూనె రాచుకొని గొఱ్ఱె గర్భమున నడ్డుపడిన పిల్లను సవరించి సవరించి యెట్టకేల కీడ్చెను. చలనము లేని యా పిల్లను వన్నూరప్ప వెనుకకాళ్ళు పట్టి యూఁచి ముక్కులో నూఁదఁగా నది తుమ్మెను. ప్రాణము నిలిచినదని తల్లికొడుకులు నిట్టూర్చి, ఆఁకలిఁగొని యఱచుచున్న మందను బీటికిఁ దోలుకొనిపోయిరి. ఈనిన గొఱ్ఱె పిల్లను నాకుననియు నంతవఱకు నిఁక మనుష్యహస్తము తగులరాదనియు వారు కెంచమ్మకుఁ జెప్పలేదు. ఊపిరి పీల్చుకొమ్మని యెవ్వరైన నొకరికిఁ జెప్పుదురా? కాని యామె సేద్యగాండ్ర యింటఁ బుట్టినది.

డస్సిన గొఱ్ఱె లేవదయ్యెను. జిగటలో మునిఁగి వణఁకుచున్న పిల్లను జూచి కెంచమ్మ నీళ్ళు కాఁచెను. కాళ్ళు చాఁచి కూర్చుండి పిల్లను ముంగాళ్ళపైఁ బండుకొనఁబెట్టుకొని పసుపు పూసి, చేయి యడ్డుపెట్టి కన్నులలో నీరు పడకుండ నీళ్ళు పోసి, పాత చీరతోఁ దుడిచి సాంబ్రాణిపొగ పట్టెను. పడిన మాయను గోయి త్రవ్వి పూడ్చిపెట్టెను. పిదపఁ గడిగిన ముత్యమువలెనున్న పిల్లను దల్లియొద్దకుఁ జేర్చెను. గొఱ్ఱె వాసన చూచి తలతోఁ గ్రుమ్మెను. మరలఁ జేర్చెను. కాలఁ దన్నెను. పాపము కెంచమ్మ పురిటినీళ్ళు పోయుచున్నాననుకొన్నదే కాని, తల్లిబిడ్డల చుట్టఱికమును నీళ్ళపాలు చేయుచున్నానని యెఱుఁగదు.

మధ్యాహ్నమునకుఁ దిరిగివచ్చిన యీరక్క పసుపువాసన సోకఁగనే దొడ్డివాకిటనే నిలిచిపోయెను.

“ఏం జేసినావే?”

“నీళ్ళు పోస్తినత్తా. పాలియ్యకుండా తంతాంది.”

ఈరక్క మాయను ద్రవ్వి తీసి పిల్ల యొడలెల్లఁ బులిమెను. వన్నూరప్ప గొఱ్ఱెను బట్టి ముఱ్ఱుపాలు పిల్లనోటఁ బిండెను. తడిసి చలిగాలి పాలైన యా నోరు అప్పటికే చల్లఁబడియుండెను. పాలు పెదవులనుండి మన్నునకు జాఱెను. కెంచమ్మ పిల్లను కంబళిలో ఱొమ్మున కదుముకొని యెంత కాఁచినను వేఁడి యామెనుండి దానికిఁ బోలేదు, చలి దానినుండి యామెకు వచ్చెను.

నేలనుంచినంతనే గొఱ్ఱె లేచివచ్చి మూర్కొని, గొంతులో సన్నఁగా గొణిఁగి, పిల్లను నాకఁదొడఁగెను. అది నాకుచుండఁగనే పిల్ల యొకపరి కాళ్ళు చాఁచి యూరకుండెను. ఉదయమున గొఱ్ఱెను మ్రింగి పిల్లను విడిచిన గాలి యిప్పుడు గొఱ్ఱెను విడిచి పిల్లను మ్రింగెను.

కంపచాటునఁ జేరిన యిరుగుపొరుగువారిలో నొకతె, “ఇంతసేపూ తన్ని ఇప్పుడు నాకుతాందే, ఇదేం తల్లి!” అని యీసడించెను.

“అది పిల్లను తన్నలేదు మే, పసుపు వాసనను తన్నింది” అని యీరక్క యందఱు వినఁ బలికెను. “నాకి నాకి ఆ వాసనతోనే బిడ్డను గుర్తుపడ్తాది. అది కడిగేస్తే దానికి అది పరాయిపిల్లే. దాన్ని తప్పు పట్టాకండి. దీన్ని గూడా పట్టాకండి.” ఆమె కోడలివైపుఁ జూడలేకపోయెను. “ఆ పొద్దు మేము పొయ్యనీని నీళ్ళు, ఈ పొద్దు ఈ గొర్రెపిల్లకు పోసుకొనింది.”

వన్నూరప్ప కంబళితునుక తెచ్చి పిల్లను జుట్టుటకు వంగఁగా నీరక్క యతని ముంజేయి పట్టుకొనెను.

“ముట్టాకురా. దాని తనివి తీరనీ. అదే లేస్తాది.”

మూఁగినవారు వెడలిపోయిరి. గొఱ్ఱె నాకుచునే యుండెను. అత్తయుఁ గోడలును దుంపరలో దానికెదురుగాఁ గూర్చుండిరి. చాలసేపటికిఁ గెంచమ్మ యడిగెను.

“నా బిడ్డ ముక్కు ఎవరి మాదిరి ఉండెనత్తా?”

ఈరక్క తన తడిచేతిని గోడలి ముఖముపైఁ బెట్టి యా ముక్కును వ్రేలితో మెల్లఁగా నిమిరెను.